తాళంచెవి ఎవరి దగ్గరుంది?

జులై మొదటి సోమవారం. మధ్యాహ్నం బెల్లు కొట్టకముందే ఫోన్లు మొదలయ్యాయి. హోసూరు చుట్టుపక్కల మేము కలిసి పనిచేసే నాలుగు తెలుగు మీడియం బడుల్లో ఆ రోజు చదివే పరీక్ష. ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ చదివించాలి. ఎక్కడ ఆగారో సెల్‌ఫోన్‌లో గూగుల్ ఫారంలో నింపి పంపాలి. "ఫారం పోవడం లేదు" అని ఒక బడి నుంచి ఫోన్. "సిగ్నల్ లేదేమోనని మిద్దెక్కి చూసినాము, అయినా పోలేదు" అని ఇంకో బడి నుంచి. మా బడిలోనూ అదే కథ.

కారణం తెలిసేసరికి సాయంత్రమైంది. ఆ ఫారం మా సీనియర్ సార్ మూడేళ్ల కిందట తన సొంత జీమెయిల్‌తో తయారుచేసింది. ఆయన మేలో రిటైరయ్యారు. జూన్‌లో వాళ్లమ్మాయి పెళ్లి. పెళ్లి ఫొటోలు, వీడియోలు ఆయన ఫోన్ నుంచి వాటంతట అవే క్లౌడ్‌లోకి ఎక్కిపోయాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయింది. ఆ 15 జీబీ ఒక్క డ్రైవ్‌కే కాదు, మెయిలుకూ ఫొటోలకూ కలిపి. అది దాటితే ఆ ఖాతా పేరు మీదున్న ఫారాలను ఎవరూ పంపలేరు. షీట్లను ఎవరూ మార్చలేరు, కాపీ కూడా తీసుకోలేరు. నిబంధనల్లో రాసే ఉంది. మేమే చదవలేదు.

మూడేళ్ల పాటు నాలుగు బడుల పిల్లల చదువు లెక్కంతా ఒక పెళ్లి ఆల్బం పక్కన ఒదిగి కూర్చుందన్నమాట.

సార్‌కు ఫోన్ చేస్తే "రిటైరైనా నన్ను వదిలేటట్ల లేరేమయ్యా" అని నవ్వి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చేశారు. పెద్ద వీడియోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి దించి, క్లౌడ్‌లోంచి తీసేశాం. అయినా నిండిందనే చూపించింది. చెత్తబుట్టలో ఉన్నవి కూడా 15 జీబీలోనే లెక్క అని అప్పుడు తెలిసింది. బుట్ట కూడా ఖాళీ చేస్తే మూడో రోజుకు ఫారం కదిలింది.

ఆ మూడు రోజులు మాకు మంచి చేశాయి. అప్పటిదాకా ఫారంలో ఏ ప్రశ్నలుండాలి, షీట్‌లో ఏ సూత్రం వేయాలి అని గంటల తరబడి మాట్లాడుకున్నాం. సరుకు ఎవరి ఇంట్లో ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుంది, కిటికీ తెరిచి ఉందా అని మాత్రం ఎవరమూ చూడలేదు.

తూము నుంచి మడి దాకా

కంప్యూటరు వాళ్లు దీన్ని డేటా పైప్‌లైన్ అంటారు. మన పక్క చెరువు, తూము, కాలువ, మడి తెలిసినవాళ్లకు కొత్తేమీ కాదు. ఫారం తూము లాంటిది. టీచర్లు పంపిన ప్రతి జవాబూ మొదట ఒక షీట్‌లో పడుతుంది, అది ముడి లెక్క. దాన్ని సరిచూసి, రెండుసార్లు పడినవి ఏరి, ఇంకో షీట్‌లోకి పంపుతాం. అక్కడి నుంచి తరగతివారీ మొత్తాలు మూడో చోటికి వెళ్తాయి. నెలాఖరు మీటింగులో మేము చూసేది ఆ మూడోది మాత్రమే.

ఇంత చేయడం ఎందుకని అడిగే తల్లిదండ్రులున్నారు. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి. తెలుగు, తమిళం, ఇంగ్లిష్, మూడు లిపులు మా పిల్లలు ఒకేసారి మోయాలి. బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూర్‌లో మరాఠీ అనుకుంటే మీ బడి కథా ఇదే. అడ్మిషన్ల వేళ ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: "తెలుగులో వేస్తే మావాడు వెనకబడడు కదా సార్?" మాట మీద ధైర్యం చెప్పి చెప్పి విసిగి, లెక్క చూపించి చెప్పాలనుకున్నాం. చిన్న భాష బడికి ఊళ్లో పలుకుబడి తక్కువ. కాగితం మీద లెక్క కూడా తప్పితే ఇక మాట్లాడే చోటుండదు.

ఫైలు ఎవరి పేరు మీద

మేము మొదట మార్చింది ఇదే. పెద్ద బడులు, ట్రస్టులు నడిపే బడులు గూగుల్ విద్యాసంస్థలకు ఇచ్చే వర్క్‌స్పేస్ ఖాతాకు దరఖాస్తు చేసుకోవచ్చు. అర్హత ఉంటే ప్రాథమిక స్థాయి ఉచితమే. అందులో షేర్డ్ డ్రైవ్ అని ఒకటుంటుంది. అక్కడ పెట్టిన ఫైలు ఏ టీచరుదీ కాదు, బడిది. టీచరు బదిలీ అయినా, రిటైరైనా ఫైలు అక్కడే ఉంటుంది. కాకపోతే దానికి బడి పేరుతో సొంత ఇంటర్నెట్ చిరునామా కావాలి. యూనియన్ ప్రాథమిక పాఠశాలకు అదెక్కడి నుంచి వస్తుంది? మాకు కుదరలేదు.

అందుకని బడి పేరుతో ఒక మామూలు జీమెయిల్ తెరిచాం. దాన్ని ఎవరి ఫోన్‌లోనూ ఫొటోల బ్యాకప్‌కు కలపలేదు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, సీలు వేసిన కవరులో, అడ్మిషన్ రిజిస్టర్ ఉండే బీరువాలో పెట్టాం. మరిచిపోతే తిరిగి తెరవడానికి ఇచ్చే నంబరు అప్పటి హెడ్మాస్టరుది. హెడ్మాస్టరు మారి చార్జి అప్పగించేటప్పుడు బెంచీలు, గ్యాస్ సిలిండర్లతో పాటు ఈ నంబరు మార్చడం కూడా అప్పగింత జాబితాలో చేర్చాం. రెండేళ్లు వాడకుండా వదిలేసిన సొంత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు. కాబట్టి పాత ఖాతాలో ఉందిలే అనుకుని నిశ్చింతగా ఉండకూడదు.

యాజమాన్యం మార్చేటప్పుడు ఒక తిరకాసుంది. ఫారం వేరు, దాని జవాబులు పడే షీట్ వేరు. రెంటినీ విడివిడిగా మార్చాలి. మేము మొదట షీట్ ఒక్కటే మార్చి సంబరపడ్డాం, ఫారం ఇంకా సార్ పేరు మీదే ఉంది. పాత యజమాని పంపిన కబురును కొత్త ఖాతా నుంచి ఒప్పుకుంటే తప్ప మార్పిడి పూర్తికాదు. మరోమాట, సొంత జీమెయిల్ నుంచి సంస్థ ఖాతాకు ఇలా యాజమాన్యం మార్చడం కుదరదు. వర్క్‌స్పేస్ తీసుకోదలచిన బడులు ముందే తీసుకుని, ఫైళ్లు అక్కడే మొదలుపెట్టడం మేలు.

లింకు ఉన్నవాళ్లందరికీ

ఇది చెప్పడానికి మాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆగస్టులో ఒకరోజు ప్రార్థన అయ్యీ కాకముందే ఒకమ్మ వచ్చి వరండాలో నిలబడింది. గొంతు పెంచలేదు. "ఏమి సార్, నా కొడుక్కి అక్షరాలే రావని ఊరంతా చూసేటట్ల పెట్టినారే. మా ఆడబిడ్డ బెంగుళూరులో చూసి ఫోన్ చేసింది. వాడు రాత్రి కూడు తినలేదు సార్" అంది.

ఏం జరిగిందంటే, అంతకుముందు వారం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో సమావేశం తేదీతో పాటు "పిల్లల ప్రగతి" అని లింకు ఒకటి పెట్టాం. మొత్తాలున్న పట్టిక అనుకున్నాం. అది పేర్లున్న షీట్. దాని షేర్ సెట్టింగు "ఎనీవన్ విత్ ద లింక్" అని ఉంది. అంటే లింకు చేతికి దొరికిన ఎవరైనా చూడొచ్చు, పేరు చెప్పనక్కర్లేదు, జీమెయిలూ అక్కర్లేదు. గ్రూపు నుంచి ఒకరు ఇంకొకరికి పంపారు, వాళ్లు బెంగుళూరుకు పంపారు. వరుసలో పేరు, తరగతి, ఎదురుగా "అక్షర స్థాయి కంటే కింద". మూడో తరగతి పిల్లాడు.

పిల్లాడికి అక్షరాలు రాకపోవడం దాచాల్సిన విషయమని కాదు. ఆ మాట వాళ్లమ్మకు చెప్పాల్సింది మేము, ఎదురుగా కూర్చోబెట్టి. ఊరికి చెప్పాల్సింది కాదు. ఆమెకు మేము ఇచ్చిన జవాబు "తప్పయింది అమ్మా" అని మాత్రమే. లింకు మూసేసినా చూసినవాళ్లు చూశారు.

ఆ సాయంత్రమే కూర్చుని ప్రతి ఫైలూ తెరిచి షేర్ బటన్ నొక్కి చూశాం. పదకొండు ఫైళ్లలో ఏడు లింకు ఉన్నవాళ్లందరికీ తెరిచే ఉన్నాయి. ఎవరి తప్పని వెతికితే అందరిదీ. టీచర్లలో ఎవరో "నాకు తెరుచుకోవడం లేదు" అంటారు, అవతల ఉన్నవాళ్లు తొందరలో "ఎనీవన్" పెట్టేస్తారు. తలుపుకు గడియ బిగుసుకుందని తలుపే తీసేసినట్టు.

ఇప్పుడు పేర్లున్న ఫైళ్లన్నీ "రిస్ట్రిక్టెడ్". ఎవరెవరు చూడాలో వాళ్ల జీమెయిల్ పేరుపేరునా చేరుస్తాం. చేర్చేటప్పుడు మూడు హోదాలు అడుగుతుంది. వ్యూయర్ చూస్తారు, కామెంటర్ పక్కన వ్యాఖ్య రాస్తారు, ఎడిటర్ మారుస్తారు. మేము టీచర్లను ఎక్కువమందిని వ్యూయర్లుగానే ఉంచాం. వాళ్లు లెక్క పంపేది ఫారంలోంచి కదా, షీట్‌లో చేయి పెట్టే పనేముంది? షేర్ పెట్టెలో పైన పళ్ల చక్రం గుర్తు నొక్కితే ఇంకో రెండు టిక్కులు కనిపిస్తాయి. ఎడిటర్లు ఇంకొకరిని చేర్చుకోవచ్చా అన్నది ఒకటి. చూసేవాళ్లు డౌన్‌లోడ్ చేయవచ్చా, కాపీ తీసుకోవచ్చా అన్నది రెండోది. రెండూ మామూలుగా టిక్కు పెట్టే ఉంటాయి. మేము తీసేశాం. స్క్రీన్ ఫొటో తీసుకునేవాళ్లను ఏ టిక్కూ ఆపలేదనుకోండి.

పేర్లున్న ట్యాబ్‌ను దాచేసి అదే ఫైలును అందరికీ పంపొచ్చు కదా అని మాలో ఒకరు అన్నారు. మేమూ అలాగే అనుకునేవాళ్లం. ఫైలును మార్చగలిగినవాళ్లు దాచిన ట్యాబ్‌ను తిరిగి తెరవగలరు, కాపీ తీసుకోగలిగినవాళ్లూ అంతే. అందుకే మొత్తాల పట్టికను వేరే ఫైలుగా పెట్టాం. ఇంపోర్ట్‌రేంజ్ అనే సూత్రంతో మొత్తాలు మాత్రం అందులోకి వస్తాయి. ఇక్కడా ఒక మెలిక ఉంది. రెండు ఫైళ్ల మధ్య ఆ అనుమతి ఒక్కసారి ఇచ్చాక, మొత్తాల ఫైలుకు ఎడిటరుగా ఉన్నవాళ్లెవరైనా సూత్రం మార్చి పేర్ల ఫైలులో ఏ మూలనున్నదైనా లాగగలరు. కాబట్టి మొత్తాల ఫైలుకూ ఎడిటర్లు ఇద్దరే. మిగిలినవాళ్లు, తల్లిదండ్రులతో సహా, చూసేవాళ్లు.

అసలు ఏ కాలమ్ ఎందుకుందని కూడా అప్పుడే అడుగుకున్నాం. ఆధార్ నంబరు, కులం, తండ్రి ఫోను, అన్నీ ఉన్నాయి. పిల్లాడు పేరా చదివాడా లేదా అని చూడటానికి ఇవెందుకు? ఎప్పుడో ఎవరో పాత పట్టీ నుంచి మొత్తంగా అతికించారు, అంతే. తీసేశాం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల సమాచారం వాడటానికి తల్లిదండ్రుల అంగీకారం గురించి మాట్లాడుతుంది. చట్టం సంగతి అటుంచి, ఆ అమ్మ వరండాలో నిలబడిన తీరు మాకు చాలు.

అరవయ్యా, అరవై మూడా?

సెప్టెంబరులో మూడో టీచరు కోసం అర్జీ రాసుకున్నాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతుల్లో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. మా షీట్ 63 అని చూపిస్తోంది. తెలుగు వచ్చిన టీచరు మాకు ఇంకొకరు వస్తే ఎంత ఊపిరి ఆడుతుందో ఈ పేజీ చదివే టీచర్లకు వేరే చెప్పక్కర్లేదు. అర్జీ చక్కగా తిరగరాస్తూ, ఎందుకైనా మంచిదని హాజరు పట్టీ తెచ్చి వేలు పెట్టి లెక్కపెడితే 60.

ముగ్గురు ఎక్కడి నుంచి వచ్చారు? పేర్లలోంచి. రాజ్‌కుమార్ అనే పిల్లాడు ఒక నెల రాజ్‌కుమార్, ఇంకో నెల మధ్యలో ఖాళీతో రాజ్ కుమార్. లక్ష్మి ఒకసారి లక్ష్మీ అయింది. మూడోది మమ్మల్ని గంటసేపు ఏడిపించింది. చూడటానికి రెండు పేర్లూ అచ్చం ఒకటే. తెలుగు కీబోర్డు పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఉండటానికి కంటికి కనబడని ఒక గుర్తును మధ్యలో పెడుతుంది. ఒక ఫోన్ పెట్టింది, ఇంకో ఫోన్ పెట్టలేదు. మన కంటికి ఒకటే పేరు, షీట్‌కు ఇద్దరు పిల్లలు.

అర్జీ పంపలేదు. పంపి ఉంటే, ఎవరైనా వచ్చి తలలు లెక్కపెట్టి ఉంటే, ఆ తర్వాత తెలుగు బడి ఇచ్చే ఏ లెక్కనైనా నమ్మేవాళ్లా?

ఇప్పుడు ఫారంలో పేరు టైపు చేసే గడి లేదు. యూడైస్ ప్లస్ ప్రతి పిల్లవాడికీ ఇచ్చే శాశ్వత నంబరు, పెన్ అంటారు, దాన్ని జాబితాలోంచి ఎంచుకోవడమే. ఆ నంబరు అన్ని రాష్ట్రాల్లోనూ ఉంటుంది కాబట్టి కర్ణాటక శాట్స్, మహారాష్ట్ర సరళ్, మా ఎమిస్ ఏది వాడే బడికైనా ఇది పనికొస్తుంది. నంబరు పక్కన పేరు కావలసిన చోట షీటే తెచ్చుకుంటుంది. మాట వచ్చింది కాబట్టి, అదే యూడైస్ ప్లస్‌లో మాతృభాష అని ఒక గడి ఉంటుంది. మీ పిల్లల వరుసలో అక్కడ తెలుగు అని పడిందో లేదో ఒకసారి బడిలో అడగండి.

ముడి లెక్కను ఇప్పుడు ఎవరూ ముట్టుకోరు. ఆ ట్యాబ్‌కు రక్షణ పెట్టాం. ఫారం నుంచి వచ్చే జవాబులు దాన్ని దాటుకుని మామూలుగానే పడతాయి, మనుషుల చేతులే ఆగుతాయి. తప్పు పడితే రెండో షీట్‌లో దిద్దుతాం, ఎందుకు దిద్దామో పక్కన రాస్తాం. హాజరు పట్టీలో కొట్టివేసి సంతకం పెడతాం చూడండి, అదే పద్ధతి. పట్టీ కాగితం చించి పారేయం కదా.

తేదీల సంగతి చిన్నదే అయినా ఒక నెల ఫలితం తారుమారు చేసింది. షీట్ సెట్టింగుల్లో లొకేల్ అని ఉంటుంది. మాది అమెరికా అని ఉంది. 03/07 అని రాస్తే జులై 3 కాకుండా మార్చి 7 అని తీసుకుంది. 15/07 అయితే 15వ నెల లేదు కాబట్టి తేదీగానే గుర్తించలేదు. ఇండియా అని మార్చాక వచ్చే తేదీలు సరిగ్గా పడ్డాయి, పాతవి మాత్రం చేత్తో దిద్దుకోవాల్సి వచ్చింది. ఫైలు పెట్టిన రోజే చూసుకోవాల్సిన సెట్టింగు.

నెలాఖరున అన్ని షీట్లూ దించి బడి కంప్యూటరులో, ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచుతాం. డ్రైవ్ చెత్తబుట్టలో పడింది 30 రోజులే ఉంటుంది, వేసవి సెలవులు అంతకంటే ఎక్కువ. సీఎస్‌వీగా దించితే ఎక్సెల్‌లో తెలుగు పిచ్చి గీతలుగా కనబడొచ్చు. ఫైలు పాడైందని భయపడొద్దు, దిగుమతి చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకుంటే అక్షరాలు తిరిగొస్తాయి. మొత్తాల పట్టిక ఒకటి ప్రింటు తీసి ఫైలులో గుచ్చుతాం కూడా. కరెంటు పోయినా చదవొచ్చు.

ఇంతా చేశాక లెక్క మాకు చెప్పిందేమిటంటే, మూడో తరగతిలో చాలామంది గుణింతాల దాకా బాగానే వచ్చి ఒత్తుల దగ్గర ఆగుతున్నారు. తమిళ లిపిలో మన ఒత్తుల్లాగా కింద అతికే అక్షరాలు ఉండవు. పొద్దున తమిళం, మధ్యాహ్నం తెలుగు చదివే పిల్లవాడి కన్ను గీత కిందికి దిగడం మరిచిపోతోందేమో అని మా అనుమానం. నవంబరు నుంచి రోజూ ఇరవై నిమిషాలు ఒత్తులకే ఇచ్చాం. అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ అని ఇంట్లోవాళ్లతో మొదలుపెట్టి. ఆ వరండా అమ్మ కొడుకు జనవరికి పదాలు చదివాడు. ఆ సంగతి ఆమెను బడికి పిలిచి, వాడి చేతే చదివించి చెప్పాం. గ్రూపులో పెట్టలేదు.

మూడో టీచరు ఇంకా రాలేదు. ఒకటో తరగతిలో ఇంకో ఇద్దరు చేరితే 62 అవుతుంది, అప్పుడు రాస్తాం.

రిటైరైన సార్ పేరు మొత్తాల ఫైలులో ఇంకా ఉంది, వ్యూయరుగా. ప్రతి నెలా మొదటి సోమవారం రాత్రి తెరిచి చూస్తారు, వెంటనే ఫోన్ చేస్తారు. "మూడో తరగతిలో ఇద్దరు పేరా దగ్గరే ఉండారే, ఎవరయ్యా వాళ్లు? పేర్లు కనబడటం లేదేమి?" అంటారు. కనబడవు సార్, అంటాం. "నేను పెట్టిన ఫారమే కదా" అని కాసేపు గొణిగి, "సరే, ఆ ఇద్దర్నీ చూసుకోండి" అని పెట్టేస్తారు.